హెచ్చరిక పుత్రుడు

తెల్లవారుజామున మడికొండ మెట్టుగుట్ట మీద రామలింగేశ్వరుని గుడిలో గంట మ్రోగును. ఆ వేళకే కాజీపేట దర్గాలో నమాజునకు పిలుపు లేచును. ఫాతిమానగరములోని కెథెడ్రలులో ప్రార్థన గంట కదలును. ఈ మూడు తావులును కొలది మైళ్ళ లోపలివే. గంట కొట్టువాడును, పిలుపు నిచ్చువాడును మనుష్యుడే. అయినను పిలుచుచున్నవాడు దేవుడేనని మూడు మతములవారును నమ్ముదురు. మానవుని చేతి మీదుగా, మానవుని గొంతు మీదుగా దైవము పిలుచుననుట ఈ ప్రాంతమువారికి క్రొత్త మాట కాదు.

క్రైస్తవ కుటుంబములలో ఈ నమ్మిక పసితనము నుండియే నాటుకొనును. సమూయేలు బాలుడు రాత్రివేళ తన పేరు వినుట, మోషే మండుచున్న పొదయొద్ద పిలుపు వినుట ఆదివారపు బడి పిల్లలకు కంఠస్థము. ఆ పిల్లలే పెద్దవారై పరీక్షలో తప్పినప్పుడో, ఉద్యోగము దొరకనప్పుడో, ఇంట కన్నవారు మంచము పట్టినప్పుడో చెవి యొగ్గి కూర్చుందురు. ఏమియు వినిపించదు. దేవుడు పూర్వులతో మాటలాడెను గాని తనతో మాటలాడడని ఆ యువకుడు నిశ్చయించుకొనును. మరియొక ప్రక్క, ప్రతి చిన్న సంగతికిని "దేవుడు నాతో చెప్పెను" అని పదిమందిపై పెత్తనము చేయువారును కలరు. మొదటివాని నిరాశకును, రెండవవాని అహంకారమునకును మూలమొక్కటే. దేవుని స్వరము ఎట్లుండునో, ఏ దారిని వచ్చునో ఇరువురును విచారింపలేదు.

ఈ విచారణకు తెలుగు బైబిలులోని ఒక చిన్న మాట గొప్ప వెలుగు నిచ్చును. అపొస్తలుల కార్యముల గ్రంథములో కుప్ర ద్వీపమున పుట్టిన యోసేపు అను లేవీయుడు కనబడును. అపొస్తలులు అతనికి బర్నబా యని మారుపేరు పెట్టిరి. ఆ పేరునకు తెలుగు అనువాదకులు వ్రాసిన అర్థము "హెచ్చరిక పుత్రుడు". నేటి విద్యార్థి ఈ మాట చదివి తికమకపడును. హెచ్చరిక యనగా అతనికి కరెంటు స్తంభము మీది పుర్రె బొమ్మయో, తప్పు చేసినవానికి ప్రధానోపాధ్యాయుడు పంపు తాఖీదో జ్ఞప్తికి వచ్చును. భయపెట్టువానికి ఇంత ముద్దుపేరేలనని అతడు అడిగిన తప్పు లేదు.

పదము వెంట వెనుకకు నడచినచో సందేహము తీరును. కన్నడమున ఎచ్చర యనగా మెలకువ; ఎచ్చరికె యనగా జాగరూకత. తెలుగు హెచ్చరికయు ఆ కుటుంబములోనిదే. భజన సంప్రదాయములో స్వామిని పదిలముగా అడుగిడి రమ్మని పాడు పాటకు హెచ్చరిక యని పేరు. అందు బెదిరింపు లేదు. ప్రేమతో కూడిన మెలకువ కలదు. గ్రీకు మూలమున ఈ చోట నున్న మాట పరాక్లేసిస్. ప్రక్కకు పిలుచుట, ప్రక్కన నిలిచి ధైర్యము చెప్పుట దాని భావము. యోహాను సువార్తలో పరిశుద్ధాత్మకు వాడిన పరాక్లేతోస్ అను మాటయు ఆ ధాతువునుండి పుట్టినదే. దానిని తెలుగువారు "ఆదరణకర్త" యని అనువదించిరి. ఒకే మూలము తెలుగులో ఒకచోట ఆదరణ యైనది, వేరొకచోట హెచ్చరిక యైనది. దైవస్వరమునకు ఈ రెండు ముఖములును కలవు. పడినవానిని అది అక్కున చేర్చుకొనును. చేర్చుకొన్న పిమ్మట మేలుకొలిపి నడిపించును. మొదటిది మాత్రమే యున్నచో అది జోలపాట. రెండవది మాత్రమే యున్నచో అది చెర్నాకోల.

ఈ స్వరము పనిచేయు తీరు ఏలీయా ప్రవక్త కథలో స్పష్టముగా కానవచ్చును. కర్మెలు పర్వతము మీద జయము పొందిన ప్రవక్త అతడు. ఆ జయము చల్లారకముందే యెజెబెలు రాణి అతనిని చంపింతునని కబురంపెను. అతడు అరణ్యములోనికి పారిపోయి, ఒక బదరీవృక్షము క్రింద కూలబడి, తనకు మరణము రావలెనని కోరుకొనెను. అప్పుడు దేవుడు అతని విశ్వాసమును పరీక్షింపలేదు, పిరికివాడని నిందింపలేదు, ఉపన్యాస మీయలేదు. అలసినవానిని నిద్రపోనిచ్చెను. దూత వచ్చి తట్టి లేపి అప్పమును నీటిని చూపెను. తిని మరల నిద్రించెను. రెండవమారును అట్లే జరిగెను. ఆ బలముతో అతడు హోరేబునకు నడచెను. అచ్చట పెనుగాలి వీచెను, భూమి కంపించెను, అగ్ని లేచెను. వాటిలో దేవుడు లేడు. ఆ తరువాత నిమ్మళమైన స్వరము వినవచ్చెను. ఆ స్వరము ప్రథమమున ఆజ్ఞాపింపలేదు. ఇచ్చటికి ఏల వచ్చితివని అడిగెను. అతని దుఃఖమంతయు వినెను. అటుపిమ్మట చేయవలసిన పని చెప్పెను. ఎలీషాను తోడుగా చూపెను. ఒంటరినైతినని వాపోయినవానికి అతనివంటివారు ఇంకను ఏడువేలమంది యున్నారని లెక్క సవరించెను.

అన్నము, నిద్ర, ప్రశ్న, పని, తోడు. దేవుని ప్రోత్సాహమునకు ఈ అయిదును గురుతులు. ఏ స్వరమైనను దైవస్వరమగునా కాదా యని శంకించువాడు ఈ గురుతులతో సరిచూచుకొనవచ్చును. మనుష్యుని సోమరిని చేయు స్వరము, సంఘమునుండి విడదీయు స్వరము, తోటివారికంటె తానధికుడనని నమ్మించు స్వరము ఎంత గట్టిగా వినిపించినను హోరేబు నాటిది కాదు. దేవుని నమ్మినవానికి ధనమును, ఆరోగ్యమును, పదవియు తప్పక సమకూడునని వేదికలమీద చెప్పు మాటలను కూడ ఇట్లే సరిచూడవలెను. ఏలీయాకు సుఖము వాగ్దానము కాలేదు. లేచి నడచుటకు బలము మాత్రమే ఈయబడినది.

బదరీవృక్షము క్రింద కూర్చున్నవారు పురాతన గ్రంథములలోనే యుందురనుకొనరాదు. 2019 ఏప్రిల్ మాసమున తెలంగాణములో ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడిన పిమ్మట ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. మార్కుల లెక్కింపులో తప్పులు దొరలినవని రాష్ట్రమంతట గగ్గోలు పుట్టెను. ఏ ఒక్క మాట ఆ బిడ్డలను నిలిపియుండెడిదో ఎవరును చెప్పజాలరు. అట్టి మరణములకు కారణ మొక్కటియే యనుటయు సాహసము. అయినను ప్రతి ఉపాధ్యాయుడును ఇంతమాత్రము తలపోయవలసియున్నది. చావు కోరిన ప్రవక్తకు దేవుడు ముందు అన్నము పెట్టెను. ఫలితముల దినమున బడిలోను, ఇంటిలోను, ప్రార్థనాలయములోను తప్పినవానికి ముందు లభించునది ఏమి? పోలికయా? పరిహాసమా? పాపము చేసితివి కనుకనే తప్పితివను తీర్పా?

దేవుడు దూతను పంపిన చోట నేడు మనుష్యుని పంపుచున్నాడు. బర్నబా బ్రతుకు అందుకు సాక్ష్యము. సంఘమును హింసించిన సౌలు మారుమనస్సు పొంది యెరూషలేమునకు వచ్చినప్పుడు శిష్యులందరును అతనిని చూచి భయపడిరి. బర్నబా ఒక్కడే అతనిని చేరదీసి అపొస్తలులయొద్దకు తీసికొనిపోయి పూచీపడెను. తరువాత అంతియొకయలో పని పెరిగినప్పుడు తార్సునకు పోయి సౌలును వెదకి తెచ్చెను. దమస్కు త్రోవలో సౌలు ఆకాశమునుండి స్వరము విన్న మాట నిజమే. కాని ఆ స్వరము విన్నవానికిని సంఘములో చోటు దొరకుటకు ఒక మనుష్యుని మాట కావలసివచ్చెను.

మార్కు అను యోహాను సంగతి మరింత ఆలోచింపదగినది. మొదటి సువార్త ప్రయాణములో అతడు నడుమనే విడిచి వెనుకకు మరలెను. రెండవ ప్రయాణమునకు అతనిని వెంటగొనుటకు పౌలు సమ్మతింపలేదు. బర్నబా విడువలేదు. ఇరువురికిని తీవ్రమైన వాదము జరిగి వేరైపోయిరి. బర్నబా మార్కును తీసికొని కుప్రకు ఓడ యెక్కెను. పౌలు పక్షమునను న్యాయము కలదు. బాధ్యత గల పనికి నడుమ విడుచువాడు పనికిరాడనుట లోకరీతి. కాని కాలము బర్నబాను సమర్థించెను. వార్ధక్యమున పౌలు తిమోతికి వ్రాసిన రెండవ లేఖలో మార్కు తనకు ప్రయోజనకరుడనియు, వెంటబెట్టుకొని రావలెననియు కోరెను. నాలుగు సువార్తలలో నొకటి ఆ మార్కు వ్రాసినదని సంఘ సంప్రదాయము. తప్పినవానికి రెండవ అవకాశము నిచ్చుట వలన లోకమునకు ఏమి లభించునో ముందుగా లెక్కకట్టు త్రాసు ఎవనియొద్దను లేదు.

తెలుగు దేశపు క్రైస్తవ చరిత్రయు ఈ త్రోవనే నడచినది. 1836లో అమెరికన్ బాప్తిస్టులు ఆరంభించిన తెలుగు మిషను చాలకాలము ఫలింపలేదు. దానిని మూసివేయుదమా యని అమెరికాలోని పెద్దలు పలుమార్లు తర్కించిరి. తోడులేని ఆ మిషనునకు "ఒంటరి నక్షత్రము" అని పేరు వచ్చెను. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారకముందు లైమన్ జ్యూయెట్, అతని భార్య, కొద్దిమంది తెలుగు క్రైస్తవులు ఒంగోలు కొండ నెక్కి ప్రార్థించిరి. ఆకాశమునుండి ఏ ధ్వనియు వచ్చినట్లు చరిత్ర చెప్పదు. వారు దిగివచ్చి మరల పనిలో చేరిరి. కొన్నేండ్లకు జ్యూయెట్ స్వదేశమునకు పోయినప్పుడు, మిషను మూసివేసినను తాను మాత్రము తెలుగువారి నడుమనే బ్రతికి చత్తునని పెద్దల యెదుట పట్టుపట్టెను. 1865లో అతని వెంట జాన్ క్లౌ అను యువకుడు వచ్చెను. మరుసటి యేడు క్లౌ ఒంగోలులో కాపురముండెను. మాదిగ కులమున పుట్టిన ఎర్రగుంట్ల పేరయ్య ఊరూర తిరిగి తనవారికి ధైర్యము చెప్పెను.

1876 నుండి 1878 వరకు ధాత కరవు దేశమును దహించినప్పుడు క్లౌ బకింగుహాము కాలువ త్రవ్వకములో కొంత భాగమును గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి పని కల్పించెను. అన్నమునకై మతము పుచ్చుకొందురేమో యను శంకతో కరవుకాలమున బాప్తిస్మములు ఆపివేసెను. కరవు తగ్గిన పిమ్మట 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటిలో ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. సంఖ్యకంటె క్రమము ముఖ్యము. ముందు అన్నము, పని. ఆ వెనుక మతము. హోరేబు క్రమమే ఇచ్చటను నిలిచినది. మరుసటి సంవత్సరము 1879లో ఆ మిషను హనుమకొండలో స్థావర మేర్పరచుకొనెను. మడికొండకు అది పొరుగు పట్టణమే.

కాజీపేటలో విజయవాడ దిక్కునకు రైలెక్కినవానికి త్రోవలో దోర్నకల్లు తగులును. ఆ ఊరికి వేదనాయకము శామ్యూల్ అజరయ్య 1909లో వచ్చెను. అతడు తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు. 1902లో యాళ్పాణమునకు పోయి, అచ్చటి తమిళ క్రైస్తవులు తమ స్వంత ధనముతో పరాయి సీమలకు సువార్తికులను పంపుట చూచెను. తనవారు అట్టి పని చేయలేదను వేదన అతనిని కదలించెను. పొరుగువారి మంచిపని అతనికి హెచ్చరిక యైనది. మరుసటి యేడు తిరునల్వేలిలో భారతీయ మిషనరీ సంఘము వెలసెను. ఆ సంఘపు పొలముగా నిజాము రాష్ట్రములోని దోర్నకల్లు ప్రాంత మెన్నబడెను.

1910లో ఎడింబరో నగరమున జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో అజరయ్య నిలిచి, పాశ్చాత్య మిషనరీల త్యాగములను కొనియాడి, భారతీయులకు వారినుండి కావలసినది సమానులుగా చూచు స్నేహమని నిర్మొగమాటముగా పలికెను. సభలో కొందరికి ఆ మాట కటువుగా తోచెను. అందు ఆదరణయు హెచ్చరికయు కలిసియున్నవి. భారతీయుడు బిషప్పు పదవికి తగునా యని పలువురు సందేహించిన కాలమున మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్ అతని పక్షమున నిలిచెను. 1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలో అజరయ్య అభిషిక్తుడై ఆంగ్లికన్ సంఘమున తొలి భారతీయ బిషప్పు అయ్యెను. పౌలునకు బర్నబా పూచీపడినట్లు అతనికి ఒకడు పూచీపడెను. తరువాత అతడే వేలకొలది పేదలకు, అంటరానివారని ఊరు వెలియుంచిన మాల మాదిగలకు పూచీపడెను. 1945 జనవరి 1వ తేదీన మరణించువరకును అతని పని ప్రధానముగా పల్లెబడి ఉపాధ్యాయుల మీదనే నడచినది. ఆ ఉపాధ్యాయుడు పగలు అక్షరములు దిద్దించి, సాయంకాలము ప్రార్థన నడిపెడివాడు. తాతలనాటినుండి తమను నీచులనిన లోకములో తొలిసారి "నీవు చదువగలవు" అను మాట ఆ బిడ్డలు వినినది అతని నోటనే. ఆ మాట దేవుని మాట కాదని ఎవడు చెప్పగలడు?

ప్రోత్సాహమునకు మతపు ఎల్లలును లేవు. క్రైస్తవ కుటుంబమున పుట్టి, ఉపాధ్యాయుడై, కులము పేర అడుగడుగున అవమానము పొందిన గుఱ్ఱము జాషువా పాదమునకు చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తన చేతులతో గండపెండేరము తొడిగెను. ఒకరు శతావధాని యైన బ్రాహ్మణ పండితుడు. ఒకరు వెలివాడనుండి వచ్చిన కవి. ఆ జాషువా వ్రాసిన క్రీస్తు చరిత్రమునకు 1964లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చెను. పాదము తాకిన ఆ చేతులు చేసిన పనిని వేయి ప్రసంగములు చేయజాలవు.

బడిపంతులు ఇచ్చట ఒక ఆక్షేపణ చెప్పవచ్చును. పొగడిన పిల్లలు పొగరెక్కుదురనియు, మొక్కై వంగనిది మ్రానై వంగదనియు అతని వాదము. వంచవలసినదే. కాని వంచువాడు ముందు నీరు పోసియుండవలెను. ఎండిన మొక్క వంగదు, విరుగును. ప్రోత్సాహము పొగడ్త కానేకాదు. చేతకాని పద్యమును బాగున్నదనుట అబద్ధము. ఏ పాదమున గణము తప్పినదో చూపి, రేపు మరల వ్రాసి తెమ్మనుట ప్రోత్సాహము. "నిన్న బడికి ఏల రాలేదు?" అను ప్రశ్న యొకటే, బెత్తము చూపి అడిగిన అది తీర్పగును, ప్రక్కన కూర్చుండి అడిగిన అది హోరేబు ప్రశ్న యగును. ఆకలితో వచ్చినవానికి అన్నము, అలసినవానికి కొంత విశ్రాంతి, మౌనముగా నున్నవానికి ఒక ప్రశ్న, పనికిరాననుకొన్నవానికి ఒక చిన్న పని, ఒంటరివానికి ఒక జతగాడు. వీటిలో ఏ ఒక్కటియు పాఠశాలకు అసాధ్యము కాదు.

విద్యార్థియు వినవలసిన మాట యొకటి కలదు. దైవస్వరము వినిపించలేదని నిరాశపడువాడు తనకు ఇదివరకే చేరిన మాటలను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. అర్ధరాత్రి దీపము తగ్గించి ఇక పడుకొమ్మన్న తల్లి మాట, తప్పిన దినమున ఇంటివరకు వెంట నడచిన స్నేహితుని మౌనము, నోటుపుస్తకపు అంచున ఎఱ్ఱసిరాతో గురువు వ్రాసిన రెండు అక్షరములు. పిలుపు ఎన్నడో వచ్చియుండవచ్చును. ఆ గొంతు తెలిసినవారిది కనుక దేవునిదని గుర్తింపకపోయి యుండవచ్చును. అట్లు విన్నవాడు తన వంతు వచ్చినప్పుడు మరియొకనికి ఆ గొంతు కావలసియున్నది. మేలుకొన్నవాడే మేలుకొలుపగలడు.

మడికొండ ఇందుకు పరాయి ఊరు కాదు. 1914లో రట్టిహళ్ళిలో పుట్టిన కాళోజీ నారాయణరావు పెరిగినది ఈ ఊరిలోనే. దొరలను నిజామును ధిక్కరించిన ఆ గొంతు వెనుక అన్న రామేశ్వరరావు నిలిచియుండెను. న్యాయవాదియు ఉర్దూ కవియు నైన ఆ అన్న ఇంటిభారము తాను మోసి తమ్ముని ప్రజలకు విడిచిపెట్టెను. కాళోజీ పుట్టినదినము సెప్టెంబరు 9 నేడు తెలంగాణమున భాషాదినముగా జరుగుచున్నది. ఆ దినమున పాఠశాలలలో తమ్ముని కవితలు చదువుదురు. చదివించు ఉపాధ్యాయుడు ఆ అన్నను గూర్చియు రెండు మాటలు చెప్పినచో, తరగతిలో వెనుక బల్లమీద కూర్చున్న పిల్లవాడు ఎవరికి తోడు నిలువవలెనో ఆలోచించుకొనును. బర్నబా యను పేరు వానికి తెలియకపోయినను తెలిసిన క్రైస్తవుడు ఆ పిల్లవానిని హెచ్చరిక పుత్రుడనియే పిలుచును.